పొలం పనికి వలసొచ్చిన ఆడవాళ్ల మనోవేదన: వినడం ఎలా, వైద్యం దాకా తీసుకెళ్లడం ఎలా

"మా ఊరి చివర షెడ్డులో పూల కోతకొచ్చిన ఆడకూలీలున్నారు. అందులో ఒకామె తిండి మానేసింది, ఎవరితోనూ మాట్లాడదు. ఏం చేయమంటారు?" ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు నుంచీ, అనకాపల్లి చెరుకు ఊళ్ల నుంచీ ఈ ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. అడిగేవాళ్లలో ఆశా కార్యకర్తలున్నారు, డ్వాక్రా సంఘాల వాళ్లున్నారు, సోషల్ వర్క్ చదివే అమ్మాయిలున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను.

ఇది డాక్టర్ల కోసం కాదు. షెడ్డు దాకా నడిచి వెళ్లగలిగినవాళ్ల కోసం. మీరు జబ్బుకి పేరు పెట్టనక్కర్లేదు, మందు చెప్పకూడదు. వినాలి, వేరుచేయాలి, కావలసినచోటికి తోడుగా వెళ్లాలి.

కావలసినవి

- ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు వినడానికి, ఇంకొకరు పిల్లల్ని ఆడించడానికి. రెండో మనిషి లేకపోతే మొదటి మనిషి వెళ్లినా లాభం తక్కువే. చంకలో పిల్లాడు ఏడుస్తుంటే ఏ తల్లీ రెండు మాటలు వరసగా చెప్పలేదు.
- వాళ్ల భాష తెలిసిన ఆడమనిషి. కోరాపుట్, రాయగడ నుంచి వచ్చినవాళ్లయితే ఒడియా, కొందరికి కువి; పార్వతీపురం మన్యం నుంచి వచ్చినవాళ్లలో కొందరికి సవర.
- రెండు చాపలు, మంచినీళ్లు, కాసిన్ని మరమరాలు.
- కాగితం మీద పెద్ద అక్షరాల్లో నంబర్లు: టెలీ మానస్ (మనసు బాధలకి ఫోనులో సాయం) 14416, మహిళా హెల్ప్‌లైన్ 181, పోలీసు 112, అంబులెన్స్ 108, ఉచిత న్యాయ సహాయం 15100.
- ఒకరోజు కూలికి, ఆటోకి సరిపడా డబ్బు. ఇది దానం కాదు, వైద్యం ఖర్చులో భాగమే.

బ్యానర్, ఫొటోలు తీసే మనిషి, పేరూ ఆధార్ నంబరూ అడిగే ఫారం: ఈ మూడూ ఇంట్లోనే వదిలి రండి.

1. ముందు డబ్బు లెక్క తెలుసుకోండి

మనసు సంగతికి కూలి లెక్కతో పనేంటి అనుకుంటారు. చాలా ఉంది. చాలాచోట్ల మేస్త్రి ముందే అడ్వాన్సు ఇచ్చి తీసుకొస్తాడు, అదీ మొగుడి చేతికి. అడ్వాన్సు తీరేదాకా ఆమె వెళ్లిపోలేదు. మిగతా కూలి సీజను చివర్లో లెక్క చూసి ఇస్తారు, అది కూడా జంటకి కలిపి. అంటే ఆమె పనిచేసిన రోజులు వేరు, ఆమె చేతికొచ్చే పైసలు వేరు. "ఎప్పుడు వెళ్లిపోవచ్చో తెలీదు" అనే మనిషికి బెంగ పుట్టడంలో వింతేం లేదు.

కాబట్టి ఈ నాలుగూ కనుక్కోండి: అడ్వాన్సు ఎంత, ఎవరి చేతికిచ్చారు, లెక్క ఎప్పుడు తేలుస్తారు, ఫోను ఎవరి దగ్గరుంటుంది. మేస్త్రిని అడగొద్దు. పక్క కొట్టు ఆమెకి అన్నీ తెలిసే ఉంటాయి.

2. వాళ్ల వేళకి వెళ్లండి

ఉభాలప్పుడు, అంటే నాట్ల రోజుల్లో, పొద్దుపోయేదాకా నడుములు ఎత్తరు. పూల కోతకి వెళ్లేవాళ్లు తెల్లవారకముందే తోటలో ఉంటారు, కానీ మధ్యాహ్నం కాస్త తీరిక దొరుకుతుంది. చెరుకు నరికేవాళ్లకి వర్షం పడిన రోజే సెలవు. ఆదివారం పది గంటలకి అని మీ వీలు చూసుకుని పెడితే రారు. రాలేదని "వాళ్లకి ఆసక్తి లేదు" అని రాసేయడం మనకి అలవాటు.

చోటు కూడా అంతే. షెడ్డులో మగవాళ్లుంటారు. అంగన్‌వాడీ అరుగు, బోరు దగ్గర చెట్టు, బట్టలుతికే చోటు మేలు. నీళ్లకని బయల్దేరిన మనిషిని ఎవరూ ఆపరు.

3. మేస్త్రితో, రైతుతో ఎంతవరకు చెప్పాలి

"ఆడవాళ్ల ఆరోగ్యం గురించి" అని చెప్పండి, చాలు. అబద్ధం కాదు కదా. ఏఎన్‌ఎం (ఊళ్లకొచ్చే ప్రభుత్వ నర్సు) వచ్చి బీపీ, రక్తం శాతం చూసే రోజునే కూడిక పెట్టుకుంటే ఇంకా నయం. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా నీరసం, దిగులు వస్తాయి కనుక ఆ పరీక్షలు ఎలాగూ కావాలి. అయితే ఆడవాళ్ల దగ్గర మాత్రం దాపరికం వద్దు. కూర్చోగానే, ఇది ఒంటి సంగతులకీ మనసు సంగతులకీ కూడా అని చెప్పేయండి.

హెచ్చరిక: మేస్త్రినీ, మొగుణ్నీ, ఆమె పదేళ్ల కూతుర్నీ దుబాసీగా వాడొద్దు. మొదటి ఇద్దరూ మాట మార్చేస్తారు. మూడో ఆమె ఆ మాటలు జీవితమంతా మోస్తుంది. భాష తెలిసిన మనిషి దొరక్కపోతే స్పీకరు ఆన్ చేయకుండా, చెవిలో పెట్టుకుని మాట్లాడేలా 14416కి కలపండి. అక్కడ తెలుగుతో పాటు ఒడియాలోనూ మాట్లాడేవాళ్లుంటారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ ఇది.

4. మొదటి కూడిక: ఒంటి నొప్పులతో మొదలెట్టండి

"మీకు మానసిక సమస్యలున్నాయా?" అని అడిగితే "మాకేటీ లేవమ్మా" అనే జవాబే వస్తుంది. ఆ ప్రశ్నకి వేరే జవాబు రాదు కూడా. వాళ్లు చెప్పేది ఇలా ఉంటుంది: "ఒళ్లంతా తిమ్మిరెక్కిపోతంది", "గుండె దడదడలాడతంది", "నిద్దర్రాదు", "ఏటో బెంగగా ఉంటంది". గాలి సోకిందంటారు, దిష్టి అంటారు. వాదించకండి. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోనివ్వండి, మీ పని దానికి అడ్డురాదు.

పెద్దామెను పిన్నీ అనో, అప్పా (అక్కా) అనో పిలవండి, చిన్నదైతే చెల్లీ అనండి. "మేడమ్" అనిపించుకోవద్దు. చాప మీద వాళ్లతో సమానంగా కూర్చోండి. అడగదగ్గవి ఇవి:

- పనిలో ఎక్కడ నొప్పెడుతుంది?
- నిద్ర ఎలా పడుతోంది? ఎక్కడ పడుకుంటారు?
- బయటికి వెళ్లాలంటే ఎక్కడికి వెళ్తారు, ఎవరు తోడొస్తారు?
- పిల్లలెక్కడున్నారు? ఊళ్లో వదిలినవాళ్లు ఎవరి దగ్గరున్నారు?
- కష్టమొస్తే ఈ షెడ్డులో ఎవరితో చెప్పుకుంటారు?

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇలా ఊహించండి. కనకాంబరం తోటకి వచ్చిన ఒకామె. నెల రోజులుగా నిద్ర లేదంటుంది. కళ్లు లోపలికి పోయాయి. మీరు వెంటనే నిద్రమాత్ర గురించి ఆలోచిస్తారు. ఇంకొంచెం అడిగితే తెలుస్తుంది: షెడ్డుకి తలుపు లేదు, గోనెపట్టా కట్టారు. ఆమె దాని పక్కనే పడుకుంటుంది, ఎందుకంటే లోపల జాగా పిల్లలకి. చీర కొంగు కూతురి కాలికి కట్టుకుంటుంది. మేస్త్రి తమ్ముడు తాగి రెండుసార్లు పట్టా ఎత్తి చూశాడు. ఆమెకి నిద్ర రాకపోవడం కాదు, ఆమె నిద్రపోకుండా కాపలా కాస్తోంది. ఇక్కడ మాత్ర ఇచ్చి పంపితే ఆ కాపలా మనమే తీసేసినట్టు. ముందు కావలసింది గడియ ఉన్న తలుపు, బయట ఒక బల్బు, ఆడవాళ్లందరూ ఒకవైపు పడుకునే ఏర్పాటు. అవి జరిగాక కూడా నిద్ర పట్టకపోతే అప్పుడు డాక్టరు.

బాధకి కారణం ఆమె బతుకులోనూ వెతకడమే స్త్రీవాద దృష్టి; అదేమిటని అడిగేవాళ్లకి నా దగ్గర ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కూడా తమ ఏడుపుకి కారణం సారా అని తమలో తాము మాట్లాడుకునే కదా తేల్చుకున్నది. అదే ఏడాది అమెరికాలోని కాలిఫోర్నియాలో వలస రైతుకూలీ మహిళలు లిడెరెస్ కాంపెసినాస్ పేరుతో సొంత సంఘం పెట్టుకున్నారు. పొలంలో పనిచేసే ఆడవాళ్లే తోటి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి ఇంటి హింస గురించీ, పనిచోట వేధింపు గురించీ, పురుగుమందుల గురించీ మాట్లాడతారు. మనం పట్టుకోవలసిన కొస అదే: రెండు మూడు కూడికలయ్యాక షెడ్డులోంచే ఒకామె ముందుకొస్తుంది. మాట్లాడే పని మెల్లగా ఆమెకి అప్పగించండి.

అనకూడని మాటలు: "సర్దుకుపోవాలమ్మా", "పిల్లల మొహం చూసి ఓర్చుకో", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా", "ధైర్యంగా ఉండాలి". ఆమె తెల్లారుజామున లేచి పదిమందికి వండి, పొలానికెళ్లి, వచ్చి మళ్లీ వండుతోంది. ధైర్యం గురించి మనం చెప్పేదేముంది!

5. విడిగా వినండి, మూడుగా వేరుచేయండి

అందరిలో చెప్పలేనిది ఉంటుంది. "నీళ్లు తెచ్చుకుందాం రా" అని పక్కకి పిలిస్తే ఎవరికీ అనుమానం రాదు. విన్నాక మీ మనసులో ఇలా వేరుచేసుకోండి.

ఒకటి, ఏర్పాట్లతో తీరేవి: మరుగు, నీళ్లు, తలుపు, పిల్లలకి అంగన్‌వాడీ, రేషను. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద ఒడిశా కార్డు మీద కూడా ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు. తిండి దిగులు తగ్గితే సగం తలపోటు తగ్గడం కళ్లారా చూస్తారు.

రెండు, వింటే తేలికపడేవి: ఊళ్లో వదిలొచ్చిన బిడ్డ మీద బెంగ, పోయిన తల్లి, పోయిన కడుపు. వీటికి పరిష్కారం వెతక్కండి. వారం వారం వెళ్లి వినండి, అంతే.

మూడు, డాక్టరు చూడాల్సినవి: రెండు వారాలు దాటినా తగ్గని దిగులు, తిండీ నిద్రా పూర్తిగా పోవడం, ఎవరికీ వినిపించని గొంతులు వినిపించడం, మూర్ఛ, తాగుడు మానలేకపోవడం (ఆడవాళ్లలోనూ ఉంటుంది, సిగ్గుతో దాస్తారు). కాన్పయిన కొద్ది రోజుల్లోనే మనిషి మారిపోయి, అర్థంలేని మాటలు మాట్లాడుతూ, బిడ్డ గురించి వింత భయాలు చెబుతుంటే అది అత్యవసరం. ఆ రోజే ఆసుపత్రికి చేర్చండి, తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకండి.

ఇంకో సంగతి. మందు కొట్టిన చేనులో పనిచేసి వచ్చాక తలపోటు, వాంతి, విపరీతంగా చెమట, చూపు మసక, కండరాలు అదరడం ఉంటే అది మనసు జబ్బు కాదు, పురుగుమందు విషం కావచ్చు. బట్టలు మార్పించి, ఒళ్లు సబ్బుతో కడిగించి 108కి ఫోను చేయండి.

పైన వేరుచేసిన మూడు రకాలూ కలిసే వస్తాయని మర్చిపోకండి. కష్టాల వల్ల వచ్చిన దిగులు కాబట్టి మందెందుకు అనేవాళ్లు మన మహిళా సంఘాల్లోనే ఉన్నారు. నేను ఒప్పుకోను. కూలి ఎగ్గొట్టడం వల్ల వచ్చినా సరే, మంచం దిగలేని మనిషికి వైద్యం కావాలి. కూలి ఇప్పించడమూ కావాలి.

6. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే

నేరుగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా అప్పా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది మన భయమే. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే తిట్టొద్దు, ఒట్లు వేయించొద్దు. ఒంటరిగా వదలొద్దు, ఆ రాత్రి ఎవరు పక్కన పడుకుంటారో పేరు పెట్టి తేల్చండి. అక్కడి నుంచే 14416కి కలపండి. ప్రమాదం దగ్గర్లోనే ఉందనిపిస్తే 108లో ఆసుపత్రికి.

పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు కూలీలు పడుకునే షెడ్డులో పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. రైతుతో మాట్లాడి వాటిని వేరే గదిలో తాళం వేయించండి. ఈ మొత్తం జాబితాలో ఒక్క పనే చేయగలనంటే ఇదే చేయండి. ఎవరి గురించని రైతుకి చెప్పనక్కర్లేదు, పిల్లలున్నారనండి.

కేసవుతుందని దాచొద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు. ఆసుపత్రిలో మెడికో లీగల్ (పోలీసులకి తెలియజేసే కేసు) అని రాసుకుంటారు, దానికి కంగారుపడకండి.

7. ఆసుపత్రికి తీసుకెళ్లడం

మొదట దగ్గరి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం). అక్కడ తేలనిదైతే విశాఖ వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. "పిచ్చాసుపత్రికా!" అంటారు, అనక మానరు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని అదే రోజు ఇంటికి పోతారని ముందే చెప్పండి. వెళ్లేది పొద్దున్నే, ఓపీ వేళకి.

బస్సు విషయం చూసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. అయితే అది ఆంధ్రప్రదేశ్ గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకే. శ్రీకాకుళం, మన్యం ఆమెకి సరే, కోరాపుట్ ఆమెకి ఛార్జీ పెట్టుకోవాలి. బస్సులో దించేస్తారేమోనని ఆమె బెదిరిపోకముందే మీరే టికెట్ కొనేయండి.

డాక్టరుకి చెప్పాల్సినవి, ఆమె మర్చిపోతే మీరు గుర్తుచేయండి:

- రోజంతా ఎండలో పనిచేస్తుంది. కొన్ని మందులతో చెమట పట్టడం తగ్గి వడదెబ్బ ప్రమాదం పెరుగుతుంది. లిథియం (మనసు విపరీతంగా ఊగిసలాడే జబ్బుకిచ్చే మందు) వాడేవాళ్లకి ఒంట్లో నీరు తగ్గితే మందు విషమవుతుంది.
- గర్భం ఉందా, పాలిస్తోందా, పిల్లలు కావాలనుకుంటోందా. మూర్ఛకీ మనసు జబ్బుకీ ఇచ్చే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు కడుపులో బిడ్డకి హాని చేస్తాయి.
- ఎన్ని వారాల్లో ఊరు మారుతుంది.
- రాత్రి గాఢంగా నిద్రపోవడం ఆమెకి క్షేమమేనా.

డాక్టరు ఆమెతో ఒంటరిగా మాట్లాడేలా అడగండి. మొగుడు వచ్చి ఉంటే టీ తాగడానికి తీసుకెళ్లే పని మీది. చేర్చుకోవాల్సి వస్తే ఆమె తరఫున మాట్లాడే మనిషి మొగుడే అవ్వాలని లేదు. 2017 చట్టం కింద తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేసి, తనకి నమ్మకమున్న పెద్దవాళ్లెవరినైనా, వాళ్లు ఒప్పుకుంటే, ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరుచేయకూడదని కూడా అందులోనే ఉంది.

మందుల చీటీ ఆమె దగ్గరే ఉండాలి. దిగులుకిచ్చే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పినట్టుంటుంది, బాగుందని హఠాత్తుగా మానకూడదు. ఈ మూడు మాటలు చెప్పకపోతే నాలుగోరోజుకి మాత్రలు పొలం గట్టున ఉంటాయి.

8. కొట్టడం, వేధింపు, కూలి ఎగవేత

ఆమె ఒప్పుకోనిదే ఫిర్యాదు వద్దు. ఆవేశంలో మనం వెంటనే 181కి ఫోను చేస్తాం. మేస్త్రి ఆ రాత్రే లారీ ఎక్కించి పంపేస్తాడు, సీజను కూలి పోతుంది, మనం ఇంట్లో హాయిగా ఉంటాం. ప్రాణానికి ముప్పుంటే ఆగక్కర్లేదు, 112. లేదంటే వేళ ఎంచుకోవడం ఆమె హక్కు. లెక్క తేలాక చేస్తానంటే అప్పటిదాకా ఏ రోజు ఏం జరిగిందో మీ దగ్గర రాసి దాచండి.

ఆమె సరేనంటే ఉన్న దారులు: 181 ద్వారా సఖి వన్ స్టాప్ సెంటర్, అక్కడే ఉండటానికి చోటు, పోలీసు, వైద్య సాయం కలిపి దొరుకుతాయి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకి ఉచితంగా లాయరు. పనిచోట లైంగిక వేధింపయితే 2013 చట్టం కింద జిల్లా లోకల్ కమిటీకి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. పొలంలో కూలి చేసేవాళ్లకీ ఆ చట్టం వర్తిస్తుంది. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత కమిటీదే.

తరచూ జరిగే పొరపాట్లు

ప్రశ్నాపత్రం పట్టుకుని మొదలెట్టడం. దిగులు ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టీ, పీహెచ్‌క్యూ, తెలుగులో దొరుకుతుంది, డాక్టరు దగ్గర పనికొస్తుంది. కానీ "అలసటగా ఉందా" అంటే చెరుకు నరికిన మనిషి ఏం చెబుతుంది? మార్కులు చూసి జబ్బు తేల్చకండి.

విన్నది వేరేచోట చెప్పడం. "పేరు చెప్పలేదు కదా" అంటారు. ఎనిమిదిమంది ఆడవాళ్లున్న షెడ్డులో పేరక్కర్లేదు.

మొగుడూ పెళ్లాల్ని కూర్చోబెట్టి రాజీ చేయడం. ఊరి పెద్దరికం మనకి తెలీకుండానే నెత్తికెక్కుతుంది. కొట్టేవాడి ముందు ఆమె ఏం చెప్పినా ఆ రాత్రికి మళ్లీ దెబ్బలే.

యోగా, ఊపిరి వ్యాయామాలతో సరిపెట్టడం. మంచివే, తప్పులేదు. కాకపోతే రోజంతా వంగి నాట్లేసిన నడుముకి ముందు వేడినీళ్లు కావాలి.

పనిచేస్తోందో లేదో చూడటం

నవ్వుతూ కనిపించడం గుర్తు కాదు. మనల్ని చూసి మర్యాదకి నవ్వుతారు. నాలుగైదు వారాలయ్యాక వీటిని చూడండి: పిలవకుండా తనే వచ్చిందా? ఇంకో ఆమెను వెంటబెట్టుకొచ్చిందా? మాత్రల పట్టీ తనే తీసి చూపించగలిగిందా? నిద్ర, తిండి మొదటిసారి చెప్పినదానితో పోలిస్తే ఎలా ఉన్నాయి? షెడ్డులో కంటికి కనిపించే మార్పు ఏదైనా, గడియో బల్బో, వచ్చిందా? మీరు చెప్పినదానికి ఎప్పుడైనా "వద్దు" అందా? ఆఖరిది నాకు చాలా ముఖ్యమైన గుర్తు. అన్నిటికీ తలూపుతోందంటే మీరు ఆమెకి ఇంకో మేస్త్రి అయిపోయారేమో చూసుకోండి.

మందు మొదలెట్టి ఆరు వారాలైనా మార్పు లేకపోతే మళ్లీ డాక్టరు దగ్గరికి. మాత్రలు తీసుకుంటోందో లేదో ముందు మెల్లగా కనుక్కోండి.

9. సీజను అయిపోయి వెళ్లిపోతుంటే

బయల్దేరే తేదీ మీకు చివరి నిమిషంలోనే తెలుస్తుంది. అందుకే చీటీ ముందే సిద్ధం చేసి ఆమెకివ్వండి: మందు పేరు, మోతాదు, ఎప్పటిదాకా వాడాలో, 14416. మందుల చీటీ జిరాక్సు ఒకటి రవికె జేబులోకి, ఒకటి సంచిలోకి. ఒక నెల మందులు ఎక్కువ ఇమ్మని డాక్టర్ని అడగండి, కానీ చనిపోవాలనే ఆలోచన ఈమధ్య ఉన్న ఆమెకి అంత మందు ఒకేసారి చేతికివ్వడం మంచిది కాదు, ఆ సంగతి డాక్టరుతోనే తేల్చుకోండి. తర్వాత ఊరు తెలిస్తే, ఆమె ఒప్పుకుంటే, అక్కడి ఆశా కార్యకర్తకి ఒక ఫోను చేయండి. ఫోను మొగుడి చేతిలో ఉంటుందనుకుంటే మీ నంబరు కాగితం మీద రాసి, పక్కన "పూల కొట్టు" అని పెట్టండి.